సైన్యం వెళ్లింది... పక్షి మిగిలింది

పసిఫిక్ మహాసముద్రం నట్టనడుమ ఓ బుల్లి దీవి. రెండో ప్రపంచ యుద్ధం గతిని మార్చిన నౌకాదళ స్థావరం. జపాన్ బాంబులకు తట్టుకున్న ఆ స్థావరాన్ని ఏళ్ల తరబడి హడలెత్తించింది మాత్రం ఓ అమాయకపు పక్షి!

విమానం దిగాలంటే రన్‌వే మీద పక్షులు. ఎగరాలంటే గాల్లో పక్షులు. ఇంటి గుమ్మం ముందు పక్షులు, బడి ఆవరణలో పక్షులు, ఆటస్థలంలో పక్షులు. పొమ్మంటే పోవు. అదిలిస్తే నాలుగడుగులు పక్కకు జరిగి, కాసేపటికి మళ్లీ అక్కడికే వస్తాయి. విమానమెక్కించి వేల కిలోమీటర్ల దూరంలో వదిలేసినా సముద్రాలు దాటుకుని తిరిగొచ్చేస్తాయి!

మిడ్‌వే దీవిలో అమెరికా నౌకాదళానికి ఎదురైన పరిస్థితి ఇది. యాభై ఏళ్లకు పైగా ఆ దీవిలో సైనికులు, వాళ్ల కుటుంబాలు, లక్షలాది ఆల్బట్రాస్ పక్షులు ఒకే చోట కలిసి బతికాయి. కొన్నాళ్లు ముచ్చటగా, కొన్నాళ్లు కయ్యంగా, కొన్నాళ్లు ఘోరంగా. చివరికి స్థావరం మూతపడింది. సైన్యం మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయింది. పక్షులు అక్కడే ఉన్నాయి.

ఇసుక దిబ్బ మీద సరుగుడు తోట

హవాయి రాజధాని హోనొలులు నుంచి వాయవ్యంగా 2 వేల కిలోమీటర్లకు పైగా వెళితే మిడ్‌వే వస్తుంది. అటు ఉత్తర అమెరికాకూ ఇటు ఆసియాకూ దాదాపు మధ్యలో ఉంది కాబట్టే ఆ పేరు. ఉంగరంలా గుండ్రంగా పెరిగిన పగడపు దిబ్బ. దాని లోపల లేతనీలం రంగులో నిశ్చలంగా ఉండే నీళ్లు. ఆ నీళ్ల అంచున మూడు చిన్న దీవులు... శాండ్, ఈస్టర్న్, స్పిట్. మూడూ కలిపినా 1,500 ఎకరాలు మించి కొంచెమే. మన దగ్గర ఓ మోస్తరు పల్లెటూరి పొలాలన్నీ కలిపితే ఎంతో అంతే!

1859లో ఓ ఓడ కెప్టెన్ కంటపడిన ఈ దీవుల్ని 1867లో అమెరికా తనవిగా ప్రకటించుకుంది. అయితే మనుషులు నిలకడగా కాపురం పెట్టింది మాత్రం 1903లోనే. పసిఫిక్ అడుగున టెలిగ్రాఫ్ తీగ వేస్తున్న కంపెనీ మధ్యలో ఓ కేంద్రం కావాలని మిడ్‌వేని ఎంచుకుంది. ఆ ఏడాది జులై 4న అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ పంపిన సందేశం ఈ తీగ మీదుగానే ప్రపంచాన్ని చుట్టి వచ్చింది.

తీగ కంపెనీ ఉద్యోగులకు అక్కడ కనిపించినవి కళ్లు చెదిరే తెల్ల ఇసుక, అక్కడక్కడా పొదలు, గడ్డి... అంతే. కూరగాయలు పండించుకుందామంటే మట్టి లేదు. దాంతో ఓడల్లో ఏకంగా 9 వేల టన్నుల మట్టి తెప్పించారు. గాలికి ఇసుక ఎగిరిపోకుండా సరుగుడు మొక్కలు నాటారు. కోస్తా తీరంలో మనకు కనిపించే సరుగుడే! ఆ మొక్కలు పెరిగి అడవిలా అల్లుకుపోయాయి. కాలక్షేపానికి పెంచుకున్న పసుపురంగు కెనరీ పిట్టల్ని 1910 ప్రాంతంలో వదిలేస్తే వాటి సంతతి నేటికీ ఆ చెట్ల మీద కూస్తూనే ఉంది. మట్టితోపాటు ఎక్కడెక్కడి చీమలూ పురుగులూ కలుపు విత్తనాలూ కూడా దీవిలో దిగాయి. ఆ సంగతి అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు.

మొదటి సైనికులు వచ్చింది పక్షుల కోసమే!

మిడ్‌వేకి మొట్టమొదట సైనికులు ఎందుకొచ్చారో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆ రోజుల్లో పక్షి ఈకలతో టోపీలు అలంకరించుకోవడం నాగరికుల ఫ్యాషన్. ఈకలకు గిరాకీ పెరగడంతో జపాన్ నుంచి వేటగాళ్లు పసిఫిక్ దీవుల మీద పడ్డారు. మనిషిని చూసి పారిపోవడం తెలియని ఆల్బట్రాస్‌లను కర్రలతో కొట్టి చంపి ఈకలు పీక్కుపోయేవారు. దీన్ని అడ్డుకోవాలని రూజ్‌వెల్ట్ 1903లో మిడ్‌వేని నౌకాదళం అధీనంలో పెట్టారు. మరుసటేడాది 21 మంది మెరైన్ సైనికులు కాపలాకి దిగారు. తుపాకులు పట్టుకుని ఆ దీవిలో అడుగుపెట్టిన తొలి సైనికులు వచ్చింది పక్షుల్ని కాపాడటానికన్నమాట.

తర్వాత దీవి దశ తిరిగింది. 1935లో పాన్ అమెరికన్ సంస్థ నీటి మీద దిగే విమానాలను శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి మనీలా వరకూ నడపడం మొదలుపెట్టింది. హోనొలులు దాటాక తర్వాతి మజిలీ మిడ్‌వే. ప్రయాణికుల కోసం ఇసుక దిబ్బ మీద హోటల్ వెలిసింది. జపాన్‌తో యుద్ధం తప్పదని తేలిపోయాక 1941లో నౌకాదళ విమాన స్థావరం సిద్ధమైంది. అదే ఏడాది డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిన రాత్రే మిడ్‌వే మీదా జపాన్ నౌకలు గుండ్ల వర్షం కురిపించాయి. 1942 జూన్ 4న మొదలైన మిడ్‌వే యుద్ధం సంగతి చరిత్ర పుస్తకాల్లో ఉంది. జపాన్ నాలుగు విమానవాహక నౌకల్ని పోగొట్టుకుంది. పసిఫిక్‌లో ఆ దేశం దూకుడుకి అక్కడే కళ్లెం పడింది.

ఆ హడావుడిలో ఎవరి కంటా పడకుండా ఓ అతిథి దీవిలోకి దిగింది. ఎలుక! 1943లో సరుకుల ఓడలతోపాటు వచ్చి మిడ్‌వేలో మకాం పెట్టింది. లేసాన్ రైల్ అని కోడిపిల్లంత పక్షి. రెక్కలున్నా ఎగరలేదు. దాని సొంత ఊరు మరో దీవి లేసాన్. అక్కడ కుందేళ్లు పచ్చని ఆకన్నది లేకుండా మేసేయడంతో అది తుడిచిపెట్టుకుపోయింది. అంతకుముందే కొన్నింటిని తెచ్చి మిడ్‌వేలో వదలడంతో ఇక్కడ మాత్రం హాయిగా బతుకుతూ ఉండేది. నేల మీదే గూడు పెట్టుకునే ఆ పక్షి గుడ్లనూ పిల్లల్నీ ఎలుకలు వదల్లేదు. 1944 తర్వాత లేసాన్ రైల్ ప్రపంచంలో ఎక్కడా కనిపించలేదు. భీకర యుద్ధం జరిగినప్పుడు కూడా బతికి బట్టకట్టిన జాతి, ఎలుకలొచ్చిన రెండేళ్లలో అంతరించింది.

గుమ్మం ముందు గూడు

యుద్ధం ముగిశాక మిడ్‌వే ఓ చిన్న పట్టణంగా మారింది. ఉద్రిక్తతలు పెరిగినప్పుడల్లా జనాభా వేలల్లోకి చేరేది. అధికారుల కుటుంబాలూ వచ్చాయి. పిల్లలకు బడి, సినిమా హాలు, చర్చి, బౌలింగ్ ఆట కేంద్రం... అన్నీ ఉండేవి. దీవి ఈ చివర నుంచి ఆ చివరకు సైకిల్ మీద పది, పదిహేను నిమిషాలు. తాగునీటికి వాననీటిని ఒడిసిపట్టుకునేవారు. తిండిగింజల దగ్గర్నుంచి తలుపు మేకుల వరకూ ఏదైనా ఓడలోనో విమానంలోనో రావాల్సిందే.

ఈ ఊరికి అసలు నివాసులు మాత్రం వేరే ఉన్నారు. ఏటా అక్టోబరు చివర్లో ఆకాశంలో ఒకటీ అరా ఆల్బట్రాస్‌లు కనిపించేవి. నవంబరు వచ్చేసరికి దీవంతా తెల్లటి దుప్పటి పరిచినట్టయ్యేది. లేసాన్ ఆల్బట్రాస్ రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు 2 మీటర్లు. బరువు 3 కిలోల పైచిలుకు. సముద్రం మీద దానంత సొగసుగా ఎగిరే పక్షులు అరుదు. రెక్క కదపకుండానే గాలివాటాన్ని అందిపుచ్చుకుని వందల కిలోమీటర్లు తేలిపోతుంది. ఉప్పునీళ్లు తాగి, ముక్కు మొదట్లో ఉన్న గ్రంథులతో ఆ ఉప్పును బయటికి పంపేస్తుంది. నెలల తరబడి నేల ముఖం చూడకుండా బతికేస్తుంది.

నేల మీద దిగాల్సి వచ్చినప్పుడే దాని పాట్లు చూడాలి! వేగం అదుపు కాక పల్టీలు కొడుతుంది. ముక్కు నేలకు తగిలి, లేచి, ఏమీ జరగనట్టు దులుపుకుని నడిచిపోతుంది. ఎగరాలంటే ఎదురుగాలికి విమానంలా పరుగు తీయాలి. ఈ అవస్థ చూసి నావికులు దీనికి ‘గూనీ’ అని పేరు పెట్టారు. అంటే వెర్రిబాగులదని. అలా పిలుచుకున్నవాళ్లే దాని నృత్యం చూడటానికి గుంపులుగా చేరేవారు. జంట వెతుక్కునే వయసు పక్షులు ఎదురెదురుగా నిలబడి తలలు ఊపుతాయి. ముక్కులు టకటకలాడిస్తాయి. రెక్క సందున ముక్కు దూర్చి, మెడ నిటారుగా చాచి, ఆకాశంకేసి చూస్తూ గేదెదూడలా అరుస్తాయి. ఒక్కో పక్షి ఏళ్ల తరబడి ఇలా ఆడి ఆడి చివరికి ఒక తోడును ఎంచుకుంటుంది. ఎంచుకున్నాక ఆ తోడు బతికున్నంత కాలం అదే కాపురం.

ఒక జంటకు ఏడాదికి ఒకే గుడ్డు. తల్లీతండ్రీ వంతులవారీగా 65 రోజులు పొదుగుతాయి. ఒకటి గూటిలో ఉంటే మరొకటి మేత కోసం వేల కిలోమీటర్లు వెళ్తుంది. పుట్టిన బూడిదరంగు పిల్ల అయిదు నెలలకు పైగా ఆ గూటి దరిదాపుల్లోనే ఉంటుంది. ఆ గూడు ఇంటి మెట్ల పక్కనే ఉండొచ్చు, బాట నడుమ ఉండొచ్చు. సైకిళ్లు దాని చుట్టూ తిరిగి వెళ్లాల్సిందే. దగ్గరికెళితే పిల్ల ముక్కు టపటపలాడించి బెదిరించేది. గడ్డి కోసేవాళ్లు ఒక్కో గూటి చుట్టూ గుండ్రంగా వదిలేసి కోసుకుపోవాలి. జూన్, జులై నెలల్లో పిల్లలు రెక్కలు సాచి గాలికి ఎగిరెగిరి పడుతూ విద్య నేర్చుకుని ఒక్కొక్కటే సముద్రం మీదికి వెళ్లిపోయేవి. అప్పుడు దీవి ఒక్కసారిగా బోసిపోయేది. వెళ్లిన పిల్ల మళ్లీ నేల మీద అడుగుపెట్టేది మూడు నుంచి అయిదేళ్ల తర్వాతే. అదీ ఎక్కడో కాదు, పుట్టిన చోటికి కూతవేటు దూరంలోనే.

రాడార్ విమానాలకు ఎదురు

పుట్టిన చోటే గూడు కట్టాలన్న ఆ పట్టుదలే పక్షికీ స్థావరానికీ కయ్యం తెచ్చిపెట్టింది. ఎందుకంటే స్థావరం రన్‌వేలు పరిచింది సరిగ్గా వాటి గూళ్ల మీదే.

1950ల్లో సోవియట్ యూనియన్‌తో ప్రచ్ఛన్నయుద్ధం ముదిరింది. శత్రు విమానాలు పసిఫిక్ దాటి వస్తాయేమోనని అమెరికా గాల్లోనే కాపలా గోడ కట్టాలనుకుంది. వీపు మీద పెద్ద మూపురంలాంటి రాడార్ మోసుకెళ్లే నాలుగు ఇంజిన్ల విమానాలు 1958 నుంచి 1965 వరకు మిడ్‌వే నుంచి బయలుదేరి ఉత్తరాన అల్యూషన్ దీవుల దాకా రాత్రింబవళ్లు గస్తీ తిరిగేవి. ఒక్కో ప్రయాణం పన్నెండు గంటలకు పైనే. ఇంధనం నిండుగా నింపుకుని బరువుగా పైకి లేస్తున్న విమానానికి 3 కిలోల పక్షి తగిలితే? ఇంజిన్ దెబ్బతినొచ్చు, అద్దం పగలొచ్చు. చుట్టూ చూస్తే వేల కిలోమీటర్ల సముద్రం తప్ప దిగడానికి మరో చోటు లేదు. పక్షులు తగలడం, విమానాలు వెనుదిరగడం మామూలైపోయింది. గూనీ తమాషాలు చూసి నవ్వుకున్నవాళ్లే పైలట్ల ప్రాణాల గురించి ఆందోళన పడాల్సి వచ్చింది.

నౌకాదళం ఊరుకోలేదు. పొగ పెట్టింది, పేలుళ్లతో బెదరగొట్టింది. యుద్ధాన్నే చూసిన పక్షులు వీటిని లెక్కచేయలేదు. పోనీ దూరంగా వదిలేస్తే? 1957లో 18 ఆల్బట్రాస్‌లను విమానాల్లో ఎక్కించి పసిఫిక్ చుట్టుపక్కల రకరకాల చోట్ల వదిలారు. వాటిలో 14 మిడ్‌వేకి తిరిగొచ్చాయి! అమెరికా పశ్చిమ తీరంలో వాషింగ్టన్ రాష్ట్రంలో వదిలిన ఓ పక్షి 5 వేల కిలోమీటర్లకు పైగా ఎగిరి పదిరోజుల్లో గూడు చేరింది. ఫిలిప్పీన్స్‌లో వదిలిన మరొకటి 6,600 కిలోమీటర్లు ప్రయాణించి 32 రోజుల్లో వచ్చేసింది. అంతకుముందు ఎన్నడూ చూడని చోటు నుంచి, దారి గుర్తులేవీ లేని సముద్రం మీదుగా అవి ఎలా రాగలిగాయా అని శాస్త్రవేత్తలు నోరెళ్లబెట్టారు. నౌకాదళానికి మాత్రం తల పట్టుకోవడమే మిగిలింది.

ఇక చంపడమే మార్గమనుకున్నారు. 1955-64 మధ్య మిడ్‌వేలో 50 వేలకు పైగా ఆల్బట్రాస్‌లను చంపారు. అర్ధశతాబ్దం కిందట పక్షుల కాపలాకి సైనికుల్ని దింపిన చోటే ఈ పని జరిగింది. పోనీ ఫలితం దక్కిందా అంటే అదీ లేదు. చచ్చిన పక్షి ఖాళీ చేసిన జాగాలోకి మరొకటి వచ్చి కూర్చునేది. ఆకాశంలో తిరిగే పక్షులు తగ్గిన జాడే లేదు.

దారి చూపింది గాలి

తుపాకీతో తేలని సమస్యను పరిశీలన తేల్చింది. అమెరికా వన్యప్రాణి విభాగానికి చెందిన చాండ్లర్ రాబిన్స్ వంటి పక్షి శాస్త్రవేత్తలు మిడ్‌వేకి వచ్చారు. పక్షుల కాళ్లకు నంబర్లున్న లోహపు కడియాలు తొడిగారు. ఏ వేళలో, ఏ గాలికి, ఏ చోట ఎక్కువగా ఎగురుతున్నాయో రాసుకుంటూ పోయారు. అప్పుడు తెలిసింది అసలు సంగతి. పక్షులు రన్‌వేల మీద సమానంగా తిరగడం లేదు. రన్‌వేల పక్కనున్న ఇసుక దిబ్బల మీదే ఎక్కువగా తిరుగుతున్నాయి. సముద్రపు గాలి దిబ్బను ఢీకొని పైకి లేస్తుంది. ఆ పైకి లేచే గాలి మీద ఆల్బట్రాస్‌లు శ్రమ లేకుండా తేలుతూ గంటలకొద్దీ చక్కర్లు కొడుతున్నాయి. అలా తిరుగుతూ తిరుగుతూ రన్‌వే మీదికి వచ్చి విమానాలకు తగులుతున్నాయి.

కారణం తెలిస్తే మందు సులువే. బుల్‌డోజర్లు తెచ్చి రన్‌వేల దగ్గరి దిబ్బల్ని చదును చేశారు. రన్‌వే పక్కన గూళ్లు పెట్టుకోవడానికి వీల్లేకుండా కొంత మేర గట్టిగా పరిచేశారు. పైకి లేచే గాలి లేకపోవడంతో పక్షులు వేరే చోటు చూసుకున్నాయి. ప్రమాదాలు పూర్తిగా ఆగకపోయినా బాగా తగ్గాయి. వేల ప్రాణాలు తీసినా దక్కని ఫలితం ఇసుకను చదును చేస్తే దక్కింది.

కడియం చెప్పిన కథ

ఆ కయ్యం పుణ్యమా అని ప్రపంచానికి మరో సంగతి తెలిసింది. 1956 డిసెంబరు 10న గుడ్డు పొదుగుతున్న ఓ ఆడ ఆల్బట్రాస్ కాలికి రాబిన్స్ కడియం తొడిగారు. గుడ్డు పెట్టిందంటే దానికి అప్పటికి కనీసం అయిదేళ్లు ఉంటాయని లెక్క. ఆ తర్వాత ఆయన వేలాది పక్షులకు కడియాలు వేశారు. దీన్ని గుర్తుపెట్టుకునే ప్రశ్నే లేదు.

2002లో ఎనభై నాలుగేళ్ల వయసులో రాబిన్స్ మళ్లీ మిడ్‌వే వచ్చారు. అరిగిపోయిన కడియాలు మారుస్తూ ఓ పక్షిని పట్టుకున్నారు. పాత రికార్డులు తిరగేస్తే తేలిందేమిటంటే, 46 ఏళ్ల కిందట స్వయంగా తాను కడియం తొడిగిన పక్షే అది! దానికి ‘విజ్‌డమ్’ అని పేరు పెట్టారు. అంటే వివేకం. కాలికున్న గుర్తు ‘జెడ్333’. 2011లో జపాన్ భూకంపంతో పుట్టిన సునామీ మిడ్‌వేని ముంచెత్తినప్పుడు లక్షకు పైగా ఆల్బట్రాస్ పిల్లలు చనిపోయాయి. విజ్‌డమ్, దాని పిల్ల మాత్రం బతికాయి. 2017లో 98 ఏళ్ల వయసులో రాబిన్స్ కన్నుమూశారు. ఆయన తొడిగిన కడియం గుర్తుగా ఉన్న ఆ పక్షి 2024 చివర్లో మళ్లీ వచ్చి, కొత్త తోడుతో గుడ్డు పెట్టింది. అప్పటికి దాని వయసు 73 ఏళ్లకు పైనే. వయసు తెలిసిన అడవి పక్షుల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది అదే. ఇప్పటివరకూ 30కి పైగా పిల్లల్ని పెంచి ఉంటుందని అంచనా. 50 వేలకు పైగా పక్షులు చనిపోయిన ఆ రోజుల్లో ఇది కూడా ఎవరి చేతికైనా చిక్కి ఉంటే, ఆల్బట్రాస్ ఇంతకాలం బతుకుతుందనీ డెబ్భై దాటాక కూడా తల్లి అవుతుందనీ ఎవరికి తెలిసేది?

వెళ్లినవాళ్లు వదిలిన అప్పు

ఉపగ్రహాలు, కొత్త రాడార్లు వచ్చాక మిడ్‌వే అవసరం తగ్గిపోయింది. 1993లో నౌకాదళ విమాన స్థావరం మూతపడింది. 1996లో దీవి వన్యప్రాణి విభాగం చేతికి వచ్చింది. ఇంధనం ట్యాంకులు, పాడుబడ్డ భవనాలు, కలుషితమైన మట్టి తొలగించాకే సైన్యం కదిలింది. ఎలుకల్ని పూర్తిగా మట్టుబెట్టారు. ఫలితం కళ్లముందే కనిపించింది. నేలలో బొరియలు తవ్వుకుని గూడు పెట్టుకునే బోనిన్ పెట్రెల్ పక్షులు ఎలుకల వల్ల కొన్ని వేల జంటలకు పడిపోయాయి. ఎలుకలు పోయాక మళ్లీ లక్షలకు చేరాయి. మనుషుల అలికిడికి తీరం వదిలేసిన హవాయి మంక్ సీల్‌లు తిరిగొచ్చి ఇసుక మీద ఎండ కాచుకోవడం మొదలుపెట్టాయి. ప్రపంచంలోనే అరుదైన లేసాన్ బాతుల్ని 2004, 2005 సంవత్సరాల్లో 42 తెచ్చి వదిలితే పిల్లాపాపలతో స్థిరపడ్డాయి. 2006లో ఈ దీవులు, చుట్టూ ఉన్న సముద్రం రక్షిత ప్రాంతమయ్యాయి. 2010లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి.

అయినా పాత అప్పులన్నీ తీరలేదు. పాత భవనాల గోడల మీది రంగులో సీసం ఉంది. పెచ్చులూడి నేల మీద పడిన రంగుముక్కల్ని పక్కనే గూట్లో కూర్చున్న పిల్లలు నోట కరుచుకుని మింగేసేవి. సీసం నరాలకెక్కి రెక్కలు వాలిపోయేవి. రెక్క ఎత్తలేని పిల్ల ఎగరలేదు, తిండి తెచ్చుకోలేదు, చనిపోతుంది. ఇలా ఏటా 10 వేల దాకా పిల్లలు చనిపోతుండొచ్చని 2010లో ఓ అధ్యయనం అంచనా వేసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి శ్రమించి భవనాల చుట్టూ మట్టిని తీసి జల్లెడ పట్టాల్సి వచ్చింది.

ఎలుకలు పోయాయి కానీ చుంచులు మిగిలాయి. ఏం చేస్తాయిలే అనుకుంటే, 2015లో గుడ్ల మీద కదలకుండా కూర్చున్న ఆల్బట్రాస్‌ల మెడల మీదా వీపుల మీదా గాయాలు కనిపించాయి. రాత్రివేళ కెమెరాలు పెట్టి చూస్తే బొటనవేలంత చుంచులు పక్షిని బతికుండగానే కొరుక్కుతింటున్నాయి! గుడ్డు వదిలి లేవకూడదన్న పట్టుదలతో పక్షి అలాగే కూర్చుంటోంది. నేల మీద శత్రువును ఎన్నడూ ఎరగని జాతికి ఎదిరించడం తెలియదు. చుంచుల్ని నిర్మూలించడానికి 2023 వేసవిలో దీవంతా విషపు ఎర చల్లారు. కొన్నాళ్లకే అవి మళ్లీ కనిపించాయి.

ఇక ప్లాస్టిక్. ఈ బాధ సైన్యం తెచ్చిపెట్టింది కాదు, లోకమంతా కలిసి పంపుతున్నది. సముద్రం మీద తేలే సీసా మూతలు, లైటర్లు, బ్రష్షుల్ని ఆహారమనుకుని తల్లిపక్షులు తెచ్చి పిల్లల నోట్లో పెడుతున్నాయి. అలా ఏటా దాదాపు 5 టన్నుల ప్లాస్టిక్ మిడ్‌వే పిల్లల కడుపుల్లోకి చేరుతోందని అధికారుల అంచనా.  చచ్చిన దాదాపు ప్రతి పిల్ల ఎముకల మధ్యా రంగురంగుల మూతలు బయటపడుతున్నాయి.

రాత్రి దిగే విమానం

ఇప్పుడు మిడ్‌వేలో ఉంటున్నది కొన్ని పదుల మంది. వన్యప్రాణి విభాగం ఉద్యోగులు, స్వచ్ఛంద సేవకులు, విద్యుత్తు, నీరు, రన్‌వే చూసుకునే సిబ్బంది. వాళ్లలో థాయ్‌లాండ్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. అందుకే భోజనశాలలో థాయ్ వంటలు ఘుమఘుమలాడుతుంటాయి. మామూలు సందర్శకులకు ప్రవేశం లేదు. తిరగడానికి సైకిళ్లు, చిన్న బ్యాటరీ బండ్లు. గూళ్లుండే నెలల్లో అవి కూడా నడక వేగంతోనే. బండి దిగి దారికడ్డంగా ఉన్న పిల్లను జరపడం దినచర్యలో భాగం.

రన్‌వేని మాత్రం ఇప్పటికీ సిద్ధంగా ఉంచుతున్నారు. పసిఫిక్ దాటే ప్రయాణికుల విమానాలకు ఆపద వస్తే అంత సముద్రంలో దిగడానికి చోటు కావాలి కదా! 2011 జూన్‌లో హోనొలులు నుంచి జపాన్‌లోని ఒసాకా వెళుతున్న బోయింగ్ 747కు ముందు అద్దం బీటలు వారింది. 350 మందికి పైగా ప్రయాణికులతో అది మిడ్‌వేలో సురక్షితంగా దిగింది. దిగుతూ దిగుతూ రెండు పక్షుల్ని ఢీకొట్టింది కూడా. అలాంటి అత్యవసరాలు తప్ప, ఆల్బట్రాస్‌లు ఉండే నవంబరు నుంచి జులై వరకు సరుకులూ సిబ్బందినీ తెచ్చే విమానాలు చీకటి పడ్డాకే రావాలని నియమం. రాత్రిపూట ఎగిరే పక్షులు తక్కువ. విమానం వస్తోందనగానే సిబ్బంది రన్‌వే పొడవునా వెళ్లి, దాని మీద కూర్చున్నవాటిని ఒక్కొక్కటిగా పక్కకు పంపుతారు. ఒకప్పుడు విమానాల కోసం పక్షుల్ని వెళ్లగొట్టాలని చూసిన చోట ఇప్పుడు పక్షుల వేళను బట్టి విమానాలు దిగుతున్నాయి.

డిసెంబరులో గూళ్ల లెక్క మొదలవుతుంది. సేవకులు వరసగా నిలబడి దీవిలో ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తారు. ప్రతి గూటినీ చేత్తో నొక్కే చిన్న యంత్రంతో లెక్కపెడతారు. లెక్కపెట్టినదానికి గుర్తుగా రంగు చుక్క పెడతారు. మొత్తం పూర్తికావడానికి దాదాపు మూడు వారాలు. కొన్నేళ్లుగా ఆ లెక్క 4 లక్షల నుంచి 6 లక్షల గూళ్ల దాకా తేలుతోంది. ప్రపంచంలో ఇంకెక్కడా ఇన్ని ఆల్బట్రాస్‌లు ఒకచోట చేరవు. రన్‌వే అంచుల్లో, పాత బంకర్ల మీద, మూతపడ్డ భవనాల ముంగిళ్లలో, ఒకప్పుడు విమానాలు నిలబెట్టిన సిమెంటు నేలల పగుళ్ల పక్కన... ఎక్కడ కాస్త ఇసుక ఉంటే అక్కడ ఓ గూడు. తాతల కాలం నుంచి వాటి చిరునామా అదే మరి!